ఉద్యోగ నియామకాల్లో వయోవివక్ష

మనిషి చేయగల పనిని పక్కనపెట్టి, పుట్టిన సంవత్సరాన్ని బట్టి ఉద్యోగం గానీ పదోన్నతి గానీ శిక్షణ గానీ నిరాకరించడాన్ని వయోవివక్ష అంటారు. ఇది చిన్నవాళ్లకూ ఎదురవుతుంది. అయితే చట్టాలూ పరిశోధనలూ ప్రధానంగా పట్టించుకున్నది నలభై దాటినవారి సంగతి. కొలువులో చేరేటప్పుడు, కొలువులో ఉండగా, కొలువు నుంచి పంపించేటప్పుడు అని దీనికి మూడు చోట్లున్నాయి. గొడవంతా మొదటినుంచీ మూడోదాని చుట్టూనే నడిచింది. పదవీ విరమణ వయసు ఎంత ఉండాలి, లేఆఫ్ వస్తే ముందు ఎవరిని తీసేయాలి అన్న ప్రశ్నల మీద సంఘాలు సమ్మెలు చేశాయి, కోర్టులు తీర్పులిచ్చాయి, శాసనసభలు చట్టాలు చేశాయి. సాక్ష్యాలు మాత్రం మొదటి చోటునే వేలెత్తి చూపుతున్నాయి. యాభై ఏళ్ల ఇంజనీరుకో అకౌంటెంటుకో ఉన్న ఉద్యోగం నిలబెట్టుకోవడం కష్టమే, కానీ అది పోయాక ఇంకోటి సంపాదించుకోవడం అంతకంటే చాలా కష్టం. చట్టం బలహీనంగా ఉన్నదీ సరిగ్గా అక్కడే.

పంపించే వయసు గురించి తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 1983 జనవరిలో అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఫిబ్రవరి 8న ఉత్తర్వులిచ్చి రాష్ట్ర ఉద్యోగుల విరమణ వయసును 58 నుంచి 55కు దించింది. ఆ నెలాఖరుకు 18 వేలకు పైగా ప్రభుత్వోద్యోగులు, మరో 10 వేల మంది ప్రభుత్వరంగ సంస్థల సిబ్బంది ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. చదువుకున్న కుర్రకారుకు అవకాశమివ్వడానికే ఇదంతా అన్నది సర్కారు వాదన. కె. నాగరాజ్ కేసులో 1985 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది. తీర్పు వెలువడేసరికే, 1984 ఆగస్టులో, వయసు తిరిగి 58 అయి కూర్చుంది. మధ్యలో పంపించేసినవారిని ఆ లాభానికి దూరంగా ఉంచడం చెల్లదని బి. ప్రభాకరరావు కేసులో అదే కోర్టు అదే ఏడాది తేల్చింది. 2014లో రాష్ట్రం విడిపోగానే ఆంధ్రప్రదేశ్ దాన్ని 60 చేసింది, తెలంగాణ 58 దగ్గరే ఉంచింది. దాంతో హైదరాబాద్‌లో ఒకే సచివాలయ ప్రాంగణంలో, ఒకే హోదాలో, ఒకే తేదీన పుట్టిన ఇద్దరున్నా తెలంగాణ వాటాకు వెళ్లినవారు రిటైరవ్వాల్సిందే, ఆంధ్ర వాటాకు వచ్చినవారికి ఇంకో రెండేళ్లు మిగిలినట్టే. తర్వాత తెలంగాణ 2021లో 61కి, ఆంధ్రప్రదేశ్ 2022లో 62కి పెంచాయి. ఈ నలభై ఏళ్లలో గుమాస్తాల మెదడూ చేతులూ ఏడేళ్ల మేర బలపడ్డాయని ఎవరూ కొలిచి చెప్పలేదు. ఖజానా పరిస్థితి, ఓట్ల లెక్క, ఒకేసారి చెల్లించాల్సి వచ్చే విరమణ ప్రయోజనాల బరువు కలిసి ఆ అంకెను తేల్చాయి. ఫలానా వయసు తర్వాత మనిషి పనికిరాడన్న నమ్మకం ఇలాంటి పరిపాలనా నిర్ణయాల నీడలో పెరిగిందే.

ఈ నమ్మకాన్ని ప్రభుత్వమే కూర్చుని పరిశీలించిన తొలి పెద్ద సందర్భం అమెరికాది. 1964 నాటి పౌరహక్కుల చట్టం జాతి, మతం, లింగం ఆధారంగా ఉద్యోగ వివక్షను నిషేధించింది గానీ వయసును వదిలేసి, దానిపై నివేదిక ఇమ్మని కార్మిక మంత్రికి చెప్పింది. మంత్రి విల్లార్డ్ విర్ట్జ్ 1965లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఏటా ఏర్పడే ప్రైవేటు ఖాళీల్లో సుమారు సగం 55 దాటినవారికి, పావు వంతు 45 దాటినవారికి ముందే మూసుకుపోతున్నాయి. ఆ నివేదికలో అంతకంటే విలువైన పరిశీలన ఇంకొకటి ఉంది. జాతి వివక్షలో ద్వేషం ఉంటుంది, వయసు విషయంలో ఎక్కువగా కనిపించేది ద్వేషం కాక విచారించకుండా చేసుకున్న ఊహ అని విర్ట్జ్ గుర్తించారు. తాతను ప్రేమించే మేనేజరే తాత వయసుకు పదేళ్లు తక్కువున్న దరఖాస్తుదారుణ్ని పక్కన పెట్టేస్తాడు. అందులో తప్పున్నట్టు అతనికి తోచదు. 1967 డిసెంబరులో వచ్చిన వయోవివక్ష నిషేధ చట్టం మొదట 40 నుంచి 65 ఏళ్లవారికి రక్షణ కల్పించింది. పై పరిమితి 1978లో 70కి పెరిగి, 1986లో పూర్తిగా పోయింది. ఇరవై మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలకు అది వర్తిస్తుంది. ఐరోపా సమాఖ్య 2000లో ఇదే బాట పట్టింది. బ్రిటన్ 2011లో 65 ఏళ్ల నిర్బంధ విరమణను ఎత్తేసింది.

పిలుపు రాకపోవడానికి వయసే కారణమని ఒక్క మనిషి విషయంలో రుజువు చేయడం దాదాపు అసాధ్యం. అందుకని ఆర్థికవేత్తలు వేరే దారి తొక్కారు. వయసు తప్ప తక్కినవన్నీ ఒకే తూకంగా ఉన్న కల్పిత రెజ్యూమేలను నిజమైన ఖాళీలకు పంపి, ఎవరికి ఫోను వస్తుందో లెక్కపెట్టడం ఆ పద్ధతి. డేవిడ్ న్యూమార్క్, ఇయాన్ బర్న్, ప్యాట్రిక్ బటన్ అమెరికాలోని 12 నగరాల్లో 40 వేలకు పైగా దరఖాస్తులు పంపి, ఫలితాలను 2019లో ప్రచురించారు. ఆఫీస్ అసిస్టెంటు ఖాళీలకు ముప్పై ఏళ్ల స్త్రీ పేరిట పంపిన ప్రతి నూరింటికీ 14 పిలుపులు వచ్చాయి. యాభై ఏళ్ల స్త్రీకి అవి 10కి పడిపోయాయి, అరవై అయిదు దగ్గరున్న స్త్రీకి 8 కూడా రాలేదు. మగవారి విషయంలో తేడా ఇంత తీవ్రంగానూ లేదు, ఇంత నిలకడగానూ లేదు. స్వీడన్‌లో మాగ్నస్ కార్ల్‌సన్, స్టెఫాన్ ఎరిక్సన్ 35 నుంచి 70 ఏళ్ల మధ్య వయసులతో 6 వేలకు పైగా దరఖాస్తులు పంపితే, పిలుపులు నలభైల తొలినాళ్లలోనే జారడం మొదలుపెట్టి, విరమణ వయసు దగ్గరపడేసరికి దాదాపు అడుగంటాయి. అక్కడా స్త్రీలకే దెబ్బ ఎక్కువ. ఈ ప్రయోగాలకు ఒక పరిమితి ఉంది. సేల్స్, గుమాస్తా, కాపలా వంటి ఉద్యోగాలకు కాగితం పంపి చూడొచ్చు; చీఫ్ ఇంజనీరు, ఫైనాన్స్ హెడ్ వంటి కుర్చీలు పరిచయాల మీద నిండుతాయి కాబట్టి ఈ కొలమానం వాటిని అందుకోలేదు. కానీ పరిచయాల మార్కెట్టులో వివక్ష తక్కువని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు, అది కాగితం మీద పడదంతే.

ఊహే కారణమైతే నాలుగు ఉపన్యాసాలతో పోయేది. దాని వెనక జీతాల లెక్క ఒకటి ఉంది. 1979లో ఎడ్వర్డ్ లేజియర్ అనే ఆర్థికవేత్త దాన్ని చక్కగా విప్పి చెప్పారు. చాలా సంస్థలు ఉద్యోగికి మొదటి ఏళ్లలో అతని పని విలువ కంటే తక్కువ, చివరి ఏళ్లలో ఎక్కువ ఇస్తాయి. ముందుముందు ఎక్కువ వస్తుందన్న ఆశ ఉద్యోగిని నిలబెడుతుంది, కానీ ఆ ఎక్కువ జీతం ఎప్పటికీ ఇవ్వలేరు కాబట్టి ముగింపు తేదీ ఒకటి కావాలి. నిర్బంధ పదవీ విరమణకు ఆయన చెప్పిన మూలం ఇది. 1986లో రాబర్ట్ హచెన్స్ దీన్ని కొనసాగిస్తూ, ఇలాంటి జీతాల పద్ధతి ఉన్న సంస్థల్లో పెద్ద వయసువారు పనిచేస్తూ ఉంటారు గానీ కొత్తగా చేర్చుకునేవారిలో పెద్దలు తక్కువని చూపారు. హైదరాబాద్, బెంగళూరు ఐటీ కంపెనీల నియామకాలు చూసినవారికి ఇది కొత్త సంగతేమీ కాదు. రిక్రూటరు ఫోను చేసి వరసగా అడిగేవి ఇవే: టోటల్ ఎక్స్‌పీరియన్స్ ఎంత, అందులో రెలవెంట్ ఎంత, కరెంట్ సీటీసీ, ఎక్స్‌పెక్టెడ్ సీటీసీ, నోటీస్ పీరియడ్. వయసు మాట రాదు. కానీ జాబ్ డిస్క్రిప్షన్‌లో ‘5 నుంచి 8 ఏళ్ల అనుభవం’ అని ఉంటే, 22 ఏళ్ల అనుభవం ఉన్నవాడు మొదటి జవాబుతోనే బయటికి పోతాడు. నేను ఆ జీతానికే చేస్తానన్నా నమ్మరు, ఇంత తగ్గించుకుని వస్తున్నాడంటే ఏదో లోపం ఉందనుకుంటారు. కింద ఫ్రెషర్లు బోలెడుమంది, పైన సీనియర్లు కొద్దిమంది ఉంటేనే బిల్లింగ్ గిట్టుబాటయ్యే ఏర్పాటులో ఏళ్లు పెరగడమంటే ఖర్చు పెరగడమే. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతం, అంటే సుమారు 12 వేల మందిని తగ్గిస్తామని, వారిలో ఎక్కువమంది మధ్య, పై స్థాయుల వారని ప్రకటించింది. నైపుణ్యాలకూ అవసరానికీ పొత్తు కుదరకపోవడాన్ని కారణంగా చెప్పింది. దాన్ని వయోవివక్ష అని అనడానికి ఆ ప్రకటన ఒక్కటే చాలదు. బజారులోకి ఒకేసారి వచ్చిన అంతమంది సీనియర్లను ఏ తలుపు లోపలికి రానిస్తుందన్నదే ఇక్కడ అడగాల్సిన ప్రశ్న.

ఆ తలుపు దగ్గర అమెరికా చట్టం కూడా తడబడింది. 2005లో అమెరికా సుప్రీంకోర్టు, ఉద్దేశం లేకపోయినా పెద్ద వయసు ఉద్యోగులకు నష్టం చేసే నియమాల మీద దావా వేయవచ్చంది. 2009లో గ్రాస్ కేసులో, వయసు ఒక కారణమైతే సరిపోదు, వయసు లేకుంటే ఆ నిర్ణయం జరిగేదే కాదని నిరూపించాలని బిగించింది. ఆ తర్వాత రెండు అప్పీలు కోర్టులు ఒక మెట్టు దిగి, 2005 నాటి సదుపాయం ఉద్యోగంలో ఉన్నవారికే గానీ దరఖాస్తుదారులకు కాదన్నాయి. 2019లో తీర్పు వచ్చిన కేర్‌ఫ్యూజన్ కేసు చూస్తే విషయం తేటపడుతుంది. లాయరు ఉద్యోగానికి 3 నుంచి 7 ఏళ్ల అనుభవం ఉండాలి, ఏడేళ్లకు మించకూడదని ప్రకటనలో రాశారు. దరఖాస్తు చేసిన న్యాయవాదికి 58 ఏళ్లు. అతన్ని ఇంటర్వ్యూకు పిలవలేదు. అనుభవానికి పెట్టిన పై హద్దు వయసుకు పెట్టిన హద్దేనని అతను వాదిస్తే, ఆ మార్గంలో దావా వేసే హక్కు దరఖాస్తుదారుకు లేదని కోర్టు మెజారిటీ తీర్పుతో చెప్పింది. ఉద్దేశం బయటపడిన చోట మాత్రం ఫలితం వేరుగా ఉంటుంది. ఐట్యూటర్‌గ్రూప్ అనే ట్యూషన్ల సంస్థ సాఫ్ట్‌వేర్ 55 దాటిన స్త్రీలను, 60 దాటిన పురుషులను దానంతటదే తిరస్కరిస్తోందని అమెరికా సమాన ఉద్యోగావకాశాల కమిషన్ దావా వేసింది. ఒక దరఖాస్తుదారు అన్ని వివరాలూ అలాగే ఉంచి పుట్టినతేదీ ఒక్కటి మార్చి మళ్లీ పంపితే ఇంటర్వ్యూకు పిలుపు రావడంతో గుట్టు రట్టయింది. 2023లో సంస్థ 3 లక్షల 65 వేల డాలర్లకు రాజీపడింది. పుట్టినతేదీ అడగకుండా డిగ్రీ సంవత్సరాన్నో అనుభవాన్నో చూసి వడపోసే సాఫ్ట్‌వేరైతే ఇంత తేలిగ్గా దొరికేది కాదు. వర్క్‌డే సంస్థ వడపోత సాధనాలపై నలభై దాటిన దరఖాస్తుదారులు వేసిన కేసును సామూహిక దావాగా నడపడానికి కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు 2025 మేలో ప్రాథమికంగా అనుమతించింది.

పెద్దవాళ్లు కొత్తది నేర్చుకోలేరు, పని మందగిస్తుంది అన్నది యజమానులు చెప్పే మొదటి అభ్యంతరం. ఇందులో కొంత నిజముంది. కొత్త సమాచారాన్ని వేగంగా మనసులో తిప్పి చూసే శక్తి యవ్వనం తర్వాత తగ్గుతుందని మనోవిజ్ఞానం ఎప్పటినుంచో చెబుతోంది. ఆ శక్తే ఉద్యోగమంతా అయ్యుంటే యజమాని గెలిచినట్టే. తప్పు ఎక్కడ జరగబోతోందో పసిగట్టడం, పాత వ్యవహారం గుర్తుండటం, కంగారుపడకపోవడం కూడా పనిలో భాగాలే. వాటి లెక్క తీస్తే బొమ్మ మారుతుంది. జర్మనీలో ఒక మెర్సిడెస్ బెంజ్ ట్రక్కుల కర్మాగారంలో అసెంబ్లీ లైన్ మీద జరిగిన తప్పులను ఆక్సెల్ బోర్ష్-సూపాన్, మథియాస్ వైస్ లెక్కగట్టారు. శరీరబలం, వేగం కావాల్సిన అలాంటి చోట కూడా అరవై ఏళ్ల లోపు ఉత్పాదకత తగ్గిన దాఖలా కనిపించలేదు. పెద్ద వయసువారు చిన్న తప్పులు కొంచెం ఎక్కువ చేసినా, ఖరీదైన పెద్ద తప్పులు తక్కువ చేశారు. థామస్ ఎన్‌జీ, డేనియల్ ఫెల్డ్‌మన్ 2008లో వందలాది అధ్యయనాలను కలిపి చూస్తే ప్రధాన విధుల నిర్వహణకూ వయసుకూ చెప్పుకోదగ్గ సంబంధం తేలలేదు. శిక్షణలో కనబరిచే ప్రతిభ మాత్రం వయసుతో కాస్త తగ్గింది. కుర్రవాళ్ల రాజ్యమని పేరుపడ్డ స్టార్టప్ లోకంలోనూ, అమెరికాలో అతివేగంగా ఎదిగిన వెయ్యిలో ఒక్క సంస్థ స్థాపకుల సగటు వయసు 45 అని పియెర్ అజూలే బృందం 2020లో చూపింది. శిక్షణలో ఆ కాస్త వెనకబాటు వల్ల యజమానికి శిక్షణ ఖర్చు పెరగొచ్చు. తలుపు మూసేయడానికి అది చాలదు.

పెద్దలు కుర్చీలు వదలకపోతే పిల్లలకు ఉద్యోగాలెక్కడివి అన్నది రెండో అభ్యంతరం. 1983లో హైదరాబాద్‌లో వినిపించిందీ ఇదే. ప్రభుత్వ శాఖలో మంజూరైన పోస్టుల సంఖ్య బిగించి ఉంటుంది కాబట్టి అక్కడ ఈ మాటలో బలం ఉంది. దేశ ఆర్థిక వ్యవస్థకు అలాంటి బిగింపు లేదు, జీతం తెచ్చుకునే పెద్దవాడి ఖర్చు ఇంకొకరికి ఉపాధి. జొనథన్ గ్రూబర్, డేవిడ్ వైజ్ బృందం 12 దేశాల దశాబ్దాల లెక్కలు తిరగేస్తే, పెద్దల ఉపాధి పెరిగినందుకు యువతకు ఉపాధి తగ్గిన ఆధారం కనబడలేదు. మూడో అభ్యంతరం వీటికంటే గట్టిది: చట్టం చేస్తే యజమానులు కేసులకు భయపడి అసలు చేర్చుకోవడమే మానేస్తారు. జోవానా లేహీ 2008లో అమెరికా రాష్ట్రాల చట్టాలను పోల్చి, రక్షణ ఉన్న చోట పెద్ద వయసు తెల్లజాతి పురుషుల నియామకాలు తగ్గాయని చూపారు. న్యూమార్క్ అంతకుముందు చేసిన పనిలో ఇలాంటి చట్టాల వల్ల పెద్దల ఉపాధికి మేలు జరిగినట్టు తేలింది. రెండూ సత్యాలయ్యే వీలుంది: తీసేయడాన్ని ఖరీదు చేసి చేర్చుకోవడాన్ని పట్టించుకోని చట్టం, ఉన్నవారిని కాపాడుతూనే వచ్చేవారిని ఆపుతుంది. కాబట్టి లేహీ పరిశోధన నుంచి వచ్చేది చట్టం వద్దన్న మాట కాదు, చట్టాన్ని ప్రకటన దగ్గర నుంచే మొదలుపెట్టాలన్నది. జపాన్ 2007లో నియామక ప్రకటనల్లో వయోపరిమితిని నిషేధించి ఆ పని చేసింది. కొత్త పట్టభద్రులను దీర్ఘకాలానికి తీసుకునే పద్ధతికి మినహాయింపు ఇచ్చి సగం వెనక్కి తగ్గింది.

భారతదేశంలో ఈ చర్చ ఇంకా మొదలు కాలేదనే చెప్పాలి. రాజ్యాంగం 15, 16 అధికరణలు మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం వంటివాటిని పేర్కొన్నాయి, వయసును పేర్కొనలేదు. 1981లో నర్గీస్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు, గర్భం దాల్చగానే ఎయిర్ హోస్టెస్‌ను తీసేయాలన్న ఎయిరిండియా నియమాన్ని కొట్టేసింది గానీ వారికి 35 ఏళ్లకే విరమణ అన్నదాన్ని తప్పుపట్టలేదు. ప్రభుత్వ కొలువుల్లో పై వయోపరిమితి సర్వసాధారణం. నోటిఫికేషన్లు ఏళ్లతరబడి ఆగిపోయినప్పుడల్లా దాన్ని సడలించడం ఒక ఆనవాయితీ. తెలంగాణ 2022లో 34 ఏళ్ల పరిమితిని 44కు పెంచింది కూడా అలాగే. ‘చివర చేరినవారు ముందు వెళ్లాలి’ అన్న రక్షణ మొదట 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండి, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉన్నా, అది కార్మిక నిర్వచనంలోకి వచ్చేవారికే. మేనేజర్లు దాని బయట. కేంద్రం 2021 అక్టోబరు 1న ప్రారంభించిన సేక్రెడ్ పోర్టల్ అరవై నిండినవారికి ఉద్యోగాలు చూపడానికి. ఈపీఎఫ్ పూర్తి పింఛను 58కి. ఇక 45 నుంచి 58 దాకా ఉన్న జీతగాడు, పిల్లల కాలేజీ ఫీజులూ ఇంటి ఈఎంఐలూ ఒకేసారి నెత్తినున్నవాడు, రెంటికీ చెడ్డ రేవడి. ప్రైవేటు యజమాని ఎవరిని తీసుకోవాలో చట్టమెలా చెబుతుందనే ప్రశ్నకు మన దేశంలోనే జవాబుంది: 2017 హెచ్‌ఐవీ చట్టం, 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం ప్రైవేటు ఉద్యోగాల్లోనూ వివక్షను నిషేధించాయి. అనుభవానికి పై హద్దు పెట్టకూడదు, దరఖాస్తు దశలో పుట్టినతేదీ, పాసైన సంవత్సరం అడగకూడదు అని రెండు వాక్యాలు చేర్చడానికి కొత్త సిద్ధాంతమేమీ అక్కర్లేదు. 2021లో నూటికి 10గా ఉన్న అరవై దాటినవారి వాటా 2050కి 21 దగ్గరికి చేరుతుందని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా. సంతానోత్పత్తి రేటు ఇప్పటికే 1.7కి పడిపోయిన ఆంధ్రప్రదేశ్‌కు ఈ అవసరం ఇంకా ముందే వస్తుంది.

ఈలోగా ఉద్యోగం వెతుక్కునేవారికి అందరూ చెప్పే సలహాలు తెలిసినవే: రెజ్యూమేలో గత పది పదిహేనేళ్లే ఉంచమని, డిగ్రీ సంవత్సరం తీసేయమని, పోర్టళ్ల కంటే పాత సహోద్యోగుల రెఫరల్ నమ్ముకోమని. మొదటి రెండూ వడపోతను దాటించగలవు గానీ వీడియో కాల్‌లో మొహం కనబడ్డాక వాటి పని అయిపోతుంది. మూడోదే కాస్త నిలబడుతుంది, ఎందుకంటే తెలిసినవాడి మాట ఊహకు అడ్డం పడుతుంది. అమెరికాలో పనిచేసే తెలుగువాళ్లు తెలుసుకోవాల్సినది మరొకటుంది. అక్కడి వయోవివక్ష చట్టం హెచ్-1బీ వీసా మీద ఉన్నవారికీ వర్తిస్తుంది. 1990 సవరణ ప్రకారం, నలభై దాటిన ఉద్యోగిని సామూహిక లేఆఫ్‌లో పంపిస్తూ వయోవివక్ష దావా వేయనని సెవరెన్స్ కాగితం మీద సంతకం అడిగితే, ఆలోచించుకోవడానికి 45 రోజులు, సంతకం చేశాక వెనక్కి తీసుకోవడానికి 7 రోజులు ఇవ్వాలి. ఆ విభాగంలో తీసేసినవారి, ఉంచినవారి హోదాలూ వయసులూ ఉన్న జాబితా కూడా చేతికివ్వాలి. వీసా ఇచ్చే వెసులుబాటు గరిష్ఠంగా 60 రోజులే కాబట్టి చాలామంది ఆదరాబాదరాగా సంతకం పెట్టేస్తారు. పెట్టేముందు ఆ జాబితా చదవండి. హైదరాబాద్‌లో అదే కంపెనీ అదే రోజు ఇంటికి పంపిన మేనేజరుకు అలాంటి జాబితా ఇవ్వాలని భారతదేశంలో ఏ చట్టమూ చెప్పదు.